డబ్బా, స్ప్రే, గీజర్: గుండెకు ఏది ఎంత ముప్పు?

ఇంట్లో వాడే వస్తువుల్లోని రసాయనాలు గుండెను దెబ్బతీస్తాయా అంటూ వచ్చిన ఉత్తరాల్లో ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం. ఎక్కువమంది ప్లాస్టిక్ గురించే అడిగారు. గ్యాస్ గీజర్ గురించి అడిగింది ఒకే ఒక్కరు. ముప్పును బట్టి చూస్తే ఈ లెక్క తలకిందులుగా ఉండాల్సింది.

ప్రశ్న: ప్లాస్టిక్‌లోని ఒక రసాయనం వల్ల ఒక్క ఏడాదిలో మూడున్నర లక్షల మంది గుండెజబ్బుతో పోయారని వార్త చూశాను. మా వంటగదిలో అన్నీ ప్లాస్టిక్ డబ్బాలే. మొత్తం పారేయాలా?

పారేయక్కర్లేదు. ఆ లెక్క 2025 ఏప్రిల్‌లో ఈబయోమెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2018లో 55 నుంచి 64 ఏళ్ల మధ్య వయసువాళ్లలో 3,56,238 గుండెజబ్బు మరణాలకు డీఈహెచ్‌పీ అనే థాలేట్‌కు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాల్లో ఒకటి) సంబంధం ఉండొచ్చని న్యూయార్క్ పరిశోధకుల అంచనా. ఆ వయసులో గుండెజబ్బు మరణాల్లో ఇది 13 శాతం పైచిలుకు. అయితే ఇవి ఆసుపత్రి రికార్డులు తిరగేసి లెక్కపెట్టిన మరణాలు కావు. అమెరికాలో కొన్ని వేల మంది మూత్రంలో ఈ రసాయనపు ఆనవాళ్లు కొలిచి, తర్వాత వాళ్లలో ఎవరెవరు చనిపోయారో చూసి, అక్కడ తేలిన నిష్పత్తితో మిగతా దేశాలకూ లెక్క కట్టారు. ప్యాకెట్ తిండి ఎక్కువగా తినేవాళ్ల ఒంట్లో థాలేట్లు ఎక్కువ ఉంటాయి, వాళ్లు తినే ఉప్పూ కొవ్వూ కూడా ఎక్కువే. తప్పు దేనిదో విడదీయడం తేలిక కాదు. కొట్టిపారేయాల్సిన లెక్క కాదు, అలాగని రుజువూ కాదు.

ఇంతకీ డీఈహెచ్‌పీ అన్ని ప్లాస్టిక్‌లలోనూ ఉండదు. పీవీసీ అసలు రూపంలో నీళ్ల పైపులా గట్టిగా ఉంటుంది. దాన్ని వంగేలా మెత్తబరచడానికి ఈ నూనెలాంటి ద్రవాన్ని కలుపుతారు. ఇలా మెత్తబరచిన పీవీసీనే వినైల్ అంటారు. మెత్తటి వినైల్ వస్తువు బరువులో 20 నుంచి 40 శాతం దాకా ఇదే ఉండొచ్చు. పైగా ఇది ప్లాస్టిక్‌తో రసాయనికంగా కలిసిపోదు. స్పాంజిలో నీళ్లలా ఊరికే ఇమిడి ఉంటుంది కాబట్టి వేడి తగిలినా, నూనె తగిలినా బయటికొస్తుంది. ఇంట్లో దీని చిరునామాలు: వినైల్ ఫ్లోరింగ్, బల్ల మీద పరిచే వినైల్ షీటు, షవర్ తెర, రెయిన్‌కోటు, మెత్తటి గొట్టాలు, పీవీసీతో చేసిన చుట్టే ఫిల్ము. గట్టి మూత డబ్బాల్లో సాధారణంగా దీని అవసరమే రాదు. చాలామంది కొత్త వినైల్ షీటు వాసన పోగానే ముప్పు తప్పిందనుకుంటారు. ఆ వాసన చాలావరకు వేరే ద్రావకాలది. డీఈహెచ్‌పీకి దాదాపు వాసనే లేదు. అది నెమ్మదిగా ఏళ్ల తరబడి బయటికొస్తూ ఇంటి దుమ్ములో చేరుతుంది. అందుకే పొడిగా ఊడ్చడం కంటే తడిగుడ్డతో తుడవడం మేలు.

ఒక ఊరట ఉంది. ఒంట్లోకి చేరిన డీఈహెచ్‌పీలో చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. నిల్వ ఉండి కాదు, రోజూ కొత్తగా చేరుతూ ఉండటం వల్లే ఇబ్బంది. 2011లో 20 మందికి మూడు రోజుల పాటు టిన్ను డబ్బా తిండి, ప్లాస్టిక్ ప్యాకింగ్ లేకుండా తాజాగా వండిన ఆహారమే పెట్టి చూస్తే, మూత్రంలో డీఈహెచ్‌పీ ఆనవాళ్లు సగానికి పైగా, బీపీఏ (గట్టి ప్లాస్టిక్‌లో, టిన్ను డబ్బాల లోపలి పూతలో వాడే రసాయనం) 66 శాతం తగ్గాయి.

ప్రశ్న: డబ్బా మీద ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ఉంటే అందులోనే వేడి చేసుకోవచ్చు కదా? అడుగున త్రికోణంలో అంకెలకు అర్థమేమిటి?

ఆ ముద్రకు అర్థం, వేడికి డబ్బా కరగదు, వంకర పోదు, పగలదు అని. అందులోంచి ఆహారంలోకి ఏమీ దిగదని కాదు. త్రికోణంలో 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరీన్. 7 అంటే ‘ఇతరాలు’. గాజులా మెరుస్తూ గట్టిగా ఉండే పాలీకార్బొనేట్ ఇందులోకే వస్తుంది. ఈ మూడింటినీ వేడి ఆహారానికి దూరంగా ఉంచండి. 5, అంటే పాలీప్రొపిలీన్, వేడిని బాగానే తట్టుకుంటుంది గానీ వేడెక్కితే అదీ సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు విడుస్తుంది.

ఆ రేణువుల సంగతి గుండెకు దగ్గరిదే. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇటలీ వైద్యులు ఒక పత్రం ప్రచురించారు. మెడలోని రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పూడికను ఆపరేషన్ చేసి తీసినప్పుడు, ఆ ముక్కల్లో ప్లాస్టిక్ కోసం వెతికారు. 257 మందిలో 150 మంది పూడికలో పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్ కనిపించింది. తర్వాత సుమారు 34 నెలల్లో గుండెపోటు, పక్షవాతం, మరణం, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగే అవకాశం ప్లాస్టిక్ ఉన్నవాళ్లలో నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ఇదీ సంబంధమే గాని కారణమని తేలలేదు. ఆపరేషన్ గదిలో, ప్రయోగశాలలో ప్లాస్టిక్ లేని వస్తువంటూ ఉండదు కాబట్టి నమూనాల్లోకి బయటి ప్లాస్టిక్ చేరలేదని తేల్చడమూ కష్టం.

మీరు చేయాల్సింది మాత్రం చాలా తేలిక. ఆహారాన్ని గాజు లేదా పింగాణీ గిన్నెలోకి మార్చి వేడి చేయండి. పైన ఫిల్ము బదులు పళ్లెం బోర్లించండి. వండినది డబ్బాలో సర్దేముందు చేతికి వేడి తగలనంత చల్లారనివ్వండి, నూనె ఎక్కువున్న పదార్థమైతే మరీ ముఖ్యం. గీతలు పడి, మసకబారిన డబ్బాలను మాత్రం వంటగదిలోంచి తప్పించండి. గరుకెక్కిన పైపొర ఎక్కువ రాలుతుంది. గుండీలకో, మేకులకో వాడుకోవచ్చు.

ప్రశ్న: ‘బీపీఏ ఫ్రీ’ సీసా కొంటే నిశ్చింతేనా?

సగం. బీపీఏ తీసేసి దాని దాయాది బీపీఎస్ వాడినవి ఉన్నాయి, దాని ప్రవర్తనా బీపీఏని పోలినదే. బీపీఏ మాత్రం అనుమానించదగ్గదే. లోపల రెసిన్ పూత ఉన్న టిన్ను డబ్బాల్లో ఇది ఎక్కువ. 2015లో వచ్చిన ఒక ప్రయోగంలో 60 ఏళ్లు దాటినవాళ్లకు ఒకే సోయాపాలను ఒక రోజు గాజు సీసాల్లో, ఇంకో రోజు టిన్ను డబ్బాల్లో ఇచ్చారు. రెండు డబ్బాలు తాగిన రోజు మూత్రంలో బీపీఏ ఎన్నో రెట్లు పెరిగింది, రెండు గంటల్లోనే పై బీపీ సుమారు 4.5 పాయింట్లు ఎక్కువగా ఉంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో రోజువారీ బీపీఏ పరిమితిని అంతకుముందున్న దాంట్లో 20,000వ వంతుకు తగ్గించింది. కొత్త సీసాల వేట ఎందుకు? స్టీలు, గాజు ఉన్నాయి కదా.

ప్రశ్న: నా వయసు 58. బీపీ 150 దాకా ఉంటుంది. ప్లాస్టిక్ పూర్తిగా మానేస్తే మాత్రలు ఆపేయొచ్చా?

ఆపకండి. ఆరు లక్షల మందికి పైగా పాల్గొన్న ప్రయోగాలను కలిపి చూస్తే, పై బీపీ 10 పాయింట్లు తగ్గినప్పుడల్లా పెద్ద గుండె సమస్యలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. డబ్బాలు మార్చితే అంత లాభం వస్తుందని ఏ ప్రయోగమూ చూపలేదు. డబ్బాలు మార్చండి, మాత్రలూ వేసుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో స్నానాల గదిలోనే గ్యాస్ గీజర్ ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. మా నాన్నగారికి స్టెంట్ వేశారు. స్నానం చేసి వచ్చాక తలనొప్పి, నీరసం అంటున్నారు. ఏమైనా సంబంధం ఉందా?

ఈ రోజే ఆ గీజర్ వాడకం ఆపండి. మాకొచ్చిన ఉత్తరాల్లో వెంటనే తొందరపడాల్సినవాటిలో ఇదొకటి.

ఒక కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. మీ గది 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు అనుకుందాం. లోపలి గాలి మొత్తం 7.5 ఘనమీటర్లు. 12 కిలోవాట్ల గీజర్ పావుగంటలో 225 గ్రాముల గ్యాసు కాలుస్తుంది, అంటే పావుగంటలో గదిలోని గాలిలో మూడో వంతుకు పైగా మింగేస్తుంది. ఆక్సిజన్ తగ్గుతున్నకొద్దీ గ్యాసు సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గుండె కండరం తనకు అందే రక్తంలోంచి మామూలుగానే ఎక్కువ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే కొరత వస్తే ముందు దెబ్బ తినేది అదే. రక్తనాళాల్లో పూడిక ఉన్నవాళ్లను పరీక్షించినప్పుడు, హిమోగ్లోబిన్‌లో 2 శాతం మోనాక్సైడ్ పట్టేసరికే, వ్యాయామంలో ఛాతీనొప్పి మామూలు కంటే ముందుగా మొదలైంది. మీ నాన్నగారి విషయంలో ఇంకోటి కూడా ఉంది. వేడినీళ్లకు రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది కూడా.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అనే ధీమాతోనే చాలాచోట్ల పొరపాటు జరుగుతోంది. తలుపు బిగించి, కింద గాలి లోపలికొచ్చే దారి లేకుండా ఫ్యాను వేస్తే, ఆ ఫ్యానుకు కావాల్సిన గాలి ఎక్కడినుంచి రావాలి? గీజర్ పొగగొట్టంలోంచి వస్తుంది. బయటికి పోవాల్సిన పొగే వెనక్కి తిరిగి గదిలోకి దిగుతుంది. గీజర్‌ను గది బయట, గాలి ధారాళంగా ఆడేచోట పెట్టించి, లోపలికి నీళ్ల పైపు మాత్రమే తీసుకోవాలి. అది కుదిరేలోపు వేడినీళ్లు వేరేచోట కాచుకోండి.

మంట నీలంగా కాకుండా పసుపుగా ఉన్నా, గీజర్ చుట్టూ గోడ మీద మసి కనిపించినా బర్నర్ సరిగా కాలడం లేదని అర్థం. స్నానం చేసినవాళ్లందరికీ ఒకే రోజు తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం ఉంటే గాలినే అనుమానించండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్మొద్దు. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ పట్టినట్టే చదువుతుంది, మనిషి పడిపోతున్నా 98 చూపిస్తుంది. ఆసుపత్రిలో ‘కార్బాక్సీహిమోగ్లోబిన్’ అనే రక్తపరీక్ష, ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) చేయమనండి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. అందుకని ‘బయట గాలికి కూర్చుంటే సర్దుకుంటుందిలే’ అని ఆగొద్దు.

ప్రశ్న: పాత బీరువా రంగు ఊడదీయడానికి పెయింట్ రిమూవర్ వాడదామనుకుంటున్నాను. ఛాతీనొప్పి ఉన్నవాళ్లు వాడొచ్చా?

డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ లేదా డైక్లోరోమీథేన్ అని ఉంటే వాడొద్దు. గుండెజబ్బు లేనివాళ్లకు కూడా మూసిన గదిలో అది ప్రాణాంతకమే. పీల్చిన ఆవిరిని మన కాలేయమే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ ద్రావకం కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి పని ఆపి బయటికొచ్చాక కూడా గంటల తరబడి ఒంట్లో మోనాక్సైడ్ తయారవుతూనే ఉంటుంది. అమెరికన్ వైద్య సంఘం పత్రిక 1976లో ఒక వృద్ధుడి కథ వేసింది. నేలమాళిగలో సొరుగుల బీరువా రంగు తీస్తూ మూడు గంటలు గడిపిన ఆయనకు గుండెపోటు వచ్చింది. కోలుకున్నాక అదే పని మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ గుండెపోటు. మూడోసారి ప్రాణం పోయింది. కారణం ఆ డబ్బా అని ఆయన ఊహించనేలేదు. అమెరికాలో 2019 నుంచి ఇంటివాడకానికి దీన్ని అమ్మకుండా ఆపారు.

ఈ ఆవిరి గాలి కంటే బరువు. కిటికీ పైభాగం తెరిస్తే పోదు, నేలమీదే తిష్ఠ వేస్తుంది. దుమ్ము మాస్కు దీన్ని ఆపదు. మామూలు రబ్బరు తొడుగుల్లోంచి నిమిషాల్లో చర్మం దాకా దిగుతుంది. బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన రిమూవర్లు ఉన్నాయి. పనికి గంటలు పడుతుంది గానీ ప్రాణం మీదికి తేదు. తలుపులు తెరిచి, వీలైతే ఆరుబయట చేసుకోండి.

ప్రశ్న: అదే పాత రంగులో సీసం ఉంటుందంటారు. దాన్ని ఒంట్లోంచి తీసేసి గుండె నాళాలు శుభ్రం చేస్తామని సెలైన్ ఎక్కించే చికిత్స గురించి విన్నాను. చేయించుకోవచ్చా?

సీసం మాట నిజం, చికిత్స మాట వేరు. ఇంట్లోని రసాయనాల్లో గుండెతో సంబంధానికి గట్టి సాక్ష్యం ఉన్నవాటిలో సీసం ఒకటి. ఇది బీపీ పెంచుతుంది. అమెరికాలో 14 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తంలో సీసం డెసిలీటరుకు 1 మైక్రోగ్రాము ఉన్నవాళ్లతో పోలిస్తే 6.7 ఉన్నవాళ్లలో గుండెజబ్బు మరణం ముప్పు 70 శాతం ఎక్కువ. రక్తంలో సీసం నెలకు సగం చొప్పున తగ్గినా, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉంటుంది. ఎముకలు గుల్లబారే వయసులో అది మళ్లీ రక్తంలోకి వస్తుంది.

మీరు చెప్పిన సెలైన్ వైద్యం పేరు కీలేషన్. మధుమేహం ఉండి, ఒకసారి గుండెపోటు వచ్చిన వెయ్యి మందిలో సగం మందికి అది ఇచ్చి చూసిన ప్రయోగ ఫలితాలు 2024లో వచ్చాయి. రక్తంలో సీసం 61 శాతం తగ్గింది, గుండె సమస్యలు మాత్రం తగ్గలేదు. సీసం విషం తీవ్రంగా ఎక్కినవాళ్లకు అది అవసరమైన వైద్యమే, నాళాలు కడిగే మందు మాత్రం కాదు. అనుమానం ఉంటే ముందు నరంలోంచి తీసిన రక్తంతో సీసం పరీక్ష చేయించండి. 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి, సీసం ధూళి ఇల్లంతా పరుచుకునేది అలాగే. నీళ్లు చిమ్మి తడిమీద గీకండి. హీట్ గన్ కూడా వద్దు, బాగా వేడెక్కితే సీసం ఆవిరవుతుంది. పిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను పారేయండి. కొత్త రంగు కొనేటప్పుడు సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) లోపు అని ఉందేమో చూడండి.

ప్రశ్న: నాన్‌స్టిక్ పెనం పొర ఊడి వంటలోకి వస్తోంది. గుండెకు ప్రమాదమా?

మింగిన పొర అలాగే బయటికి పోతుంది, అరగదు. పెనం ఖాళీగా మంట మీద మర్చిపోవడమే తప్పు. కొద్ది నిమిషాల్లోనే 260 డిగ్రీలు దాటుతుంది, ఆపైన పూత విచ్ఛిన్నమవడం మొదలై జ్వరం తెప్పించే పొగలు వస్తాయి. గుండెకు సంబంధించినంతవరకు పట్టించుకోవాల్సినవి ఆ పూత కుటుంబానికే చెందిన పీఎఫ్‌ఏఎస్ రసాయనాలు, ముఖ్యంగా పీఎఫ్‌ఓఏ. ఇవి ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటాయి, కొలెస్ట్రాల్ పెరగడంతో వీటికి సంబంధం కనిపించింది. అవి ఎక్కువగా వచ్చేది పెనం నుంచి కాదు. కలుషితమైన తాగునీళ్లు, నూనె పీల్చని కాగితపు ప్యాకింగు, సోఫాలకు కొట్టే మరక నిరోధక స్ప్రేలు వీటి దారులు.

ప్రశ్న: దోమల చుట్ట మంచిదా, ప్లగ్‌లో పెట్టే ద్రవం మంచిదా?

దోమతెర మంచిది. ఒక చుట్ట మొత్తం కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో కొలిచారు. ఆ ధూళి గుండెపోటుకు దారి తీసేదే, మూసిన పడకగదిలో రాత్రంతా పీలుస్తాం. ప్లగ్ ద్రవంలో పొగ ఉండదు గానీ పైరెత్రాయిడ్ అనే దోమల మందు ఉంటుంది. అమెరికాలో 2,116 మందిని సగటున 14 ఏళ్లు గమనిస్తే, మూత్రంలో దీని ఆనవాళ్లు ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు సుమారు మూడు రెట్లున్నాయి. అయితే ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోయే పదార్థాన్ని ఒక్కసారే కొలిచి 14 ఏళ్లకు జోస్యం చెప్పారు కాబట్టి ఆ ‘మూడు’ను అక్షరాలా తీసుకోలేం. తప్పనిసరైతే నిద్రకు గంట ముందు ప్లగ్ వేసి, పడుకునేముందు తీసేసి, తెరలో పడుకోండి. దోమకాటు వల్ల వచ్చే జ్వరాలు కూడా చిన్నవి కావు.

ప్రశ్న: మా అబ్బాయి గదిలో ఖాళీ డియోడరెంట్ డబ్బాలు, తడిసిన గుడ్డ దొరికాయి. భయంగా ఉంది.

భయపడాల్సిందే. స్ప్రేల్లో తోసే వాయువుగా ఉండే బ్యూటేన్, ప్రొపేన్ పీలిస్తే గుండె కండరం అడ్రినలిన్‌కు విపరీతంగా స్పందిస్తుంది. ఆ క్షణంలో ఉలిక్కిపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాళ్లు కూడా చనిపోయారు. 1970లోనే అమెరికాలో ఇలాంటి 110 ఆకస్మిక మరణాలను ఒక వైద్యుడు నమోదు చేశారు. పీలుస్తుండగా చూస్తే అరవకండి, వెంటపడకండి. నెమ్మదిగా మాట్లాడి, కిటికీలు తెరిచి, కూర్చోబెట్టండి. స్పృహ తప్పి ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ అంబులెన్సును పిలిపించండి. ఏమీ కాకపోతే, మర్నాడు కోపం లేకుండా మాట్లాడి మానసిక వైద్యులకు చూపించండి. చంకల్లో మామూలుగా కొట్టుకునే రెండు క్షణాల స్ప్రేతో ఈ ముప్పు లేదు.

ప్రశ్న: దుకాణం రసీదుల్లో కూడా బీపీఏ ఉంటుందట, నిజమేనా? నేను రోజంతా కౌంటర్లో కూర్చుంటాను.

నిజమే. గోటితో గీస్తే నల్లగీత పడే కాగితం థర్మల్ కాగితం. దానిమీద బీపీఏ గానీ బీపీఎస్ గానీ పొడిగా పూసి ఉంటుంది. ఐరోపాలో 2020 నుంచి బీపీఏని బరువులో 0.02 శాతానికి కుదించారు. రోజుకు ఒకటి రెండు రసీదులు తీసుకునేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన విషయం కాదు, మీకు మాత్రం అవుతుంది. శానిటైజర్ గానీ క్రీము గానీ రాసుకున్న తడిచేతులతో రసీదు పట్టుకోకండి, చర్మంలోకి ఎక్కువగా దిగుతుంది. తినేముందు సబ్బుతో కడుక్కోండి. నైట్రైల్ తొడుగులు వేసుకుంటే ఇంకా మంచిది. రసీదు కాగితాలను పాత కాగితాలతో కలిపి రీసైక్లింగ్‌కు వేయకండి, అందులోని పొడి కొత్త కాగితంలోకి చేరుతుంది.